పావగడ ఎండలో చిప్ ట్యూనింగు



మధుగిరి నుండి పావగడకు బస్సెక్కినవారు కర్ణాటకమున బయలుదేరి, నడుమ మడకశిర ప్రాంతములోని ఆంధ్రదేశపు నేలను దాటి, మరల కర్ణాటకముననే దిగుదురు. తెలుగునేల ఇంచుమించుగా చుట్టును ఆవరించియున్న పావగడ తాలూకా తుమకూరు జిల్లాకు చెందినదే యైనను, అక్కడి సంతలో బేరము, షెడ్డులో మరమ్మతు, బంకుకడ తగవు చాలవరకు తెలుగుననే జరుగును. బంకు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: కొన్ని సంవత్సరములుగా డీజిలు ధర ఆంధ్రముకంటె కర్ణాటకమున తక్కువగా నుండుటచేత, ఇరుగుపొరుగు తాలూకాల బండ్లు పనిమీద పావగడకు వచ్చినపుడు ట్యాంకు నిండ పోయించుకొనియే మరలుట అక్కడ వాడుక. లీటరు మీద మిగులు కొద్ది రూపాయలను ఇంత శ్రద్ధతో లెక్కించు జనుల యొద్దకు ఎవరైన వచ్చి, “అన్నా, నీ బండిలో చిప్పు ఉంది, అందులో నాలుగు అంకెలు మారిస్తే పుల్లింగూ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది” అని చెప్పినచో, వారు చెవియొగ్గి వినకుండ ఎట్లుందురు? ఆ మాటలో ఎంత నిజము, ఎంత ఆశ, ఎంత అపాయము కలవో ఈ పూట విచారింతము.

తయారీదారు ఇచ్చినదానితో తృప్తిపడక ఇంజనునుండి మరికొంత బలము పిండుకొనవలెనన్న కోరిక చిప్పుతో పుట్టినది కాదు. డీజిలును కొలిచి పోయు పని యావత్తు ఇనుప పంపే చేసిన కాలములో, 1951లో స్థాపితమైన మైకో సంస్థ పేరే ఆ పంపులకు మారుపేరై, లారీ షెడ్డులలో “మైకో పంపు” అన్న చాలియుండెను. ఆ పంపు ప్రక్కన ఒక స్క్రూ, దానిచుట్టు సన్నని తీగ, ఆ తీగ కొసలను కలిపి నొక్కిన సీసపు ముద్ర యుండెడివి. ఒక్కొక్క దెబ్బకు ఎంత డీజిలు పోవలెనో కర్మాగారమువారు పరీక్షించి నిర్ణయించి, ఆ నిర్ణయమును ఇతరులు మార్చరాదని వేసిన ముద్ర యది. చేయి తిరిగిన మేస్త్రీ కటింగు ప్లయరుతో ఆ తీగను తెంపి, స్క్రూను కొంచెము త్రిప్పి, “ఇంక చూడు బండి ఎట్ల ఎగురుతుందో” అనెడివాడు. బండి ఎగిరిన మాట సత్యమే. మిట్టమీద ఒక గేరు తగ్గింపవలసిన చోట తగ్గింపకయే ఎక్కెడిది. వెనుకవచ్చువాని ముఖము మాత్రము మసిబారెడిది. నేటికిని మన పొలములలో దున్నుచున్న 50 హార్స్ పవరుకు లోబడిన ట్రాక్టర్లలో పెక్కింటికి పాతరీతి ఇనుప పంపులే. అంతకు మించిన శక్తి గల ట్రాక్టర్లకే 2023 జనవరి 1 నుండి కొత్త కాలుష్య ప్రమాణములు వచ్చి, వాటివెంట ఎలక్ట్రానిక్ నియంత్రణము కూడ ప్రవేశించినది. చిన్న ట్రాక్టరుకు చిప్ ట్యూనింగు చేసెదనని ఎవరైన వచ్చినచో, చిప్పేది నాయనా యని యడుగుట ఉత్తమము.

కార్లలోను, నేటి పికప్పు బండ్లలోను కథ వేరు. 1997లో ఇటలీ దేశపు ఆల్ఫా రోమియో 156తో కార్లలోనికి వచ్చిన కామన్ రెయిల్ పద్ధతిలో, పంపు పని డీజిలును ఒక దృఢమైన గొట్టములో అత్యధికమగు ఒత్తిడితో నిలువ యుంచుట మాత్రమే. మొదటి తరములో ఆ ఒత్తిడి వాతావరణ పీడనమునకు సుమారు 1,350 రెట్లు. తరువాతి తరములలో రెండువేల రెట్లును దాటినది. ఆ గొట్టమునుండి ఒక్కొక్క సిలిండరులోనికి ఎప్పుడు, ఎంతసేపు, ఎన్ని విడతలుగా డీజిలు చిమ్మవలెనో నిర్ణయించునది ఇ.సి.యు. అని పిలువబడు చిన్న పెట్టె. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నపుడు సెకనులో వెయ్యవ వంతు గడచులోపల క్రాంకు 18 డిగ్రీలు తిరిగిపోవును. అంత స్వల్పవ్యవధిలో లెక్కకట్టి, ఆజ్ఞాపించి, మరల లెక్కకట్టు ఆ పెట్టెకు ఆధారము దాని జ్ఞాపకములో వ్రాసియుంచిన పట్టికలే. వానినే ట్యూనింగువారు మ్యాపులందురు. పూర్వము ఆ జ్ఞాపకమొక ప్రత్యేకపు చిప్పులో నుండుటచేత, దానిని ఊడబెరికి, పైనున్న చిన్న గాజుకిటికీలోనుండి అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి, పాత వ్రాత చెరిపి, కొత్తది వ్రాయవలసి వచ్చెడిది. ఇప్పుడు చిప్పును ముట్టుకొను పనియే లేదు. స్టీరింగు క్రింద పదునారు పిన్నుల సాకెట్టు ఒకటి యుండును, దానికి కేబులు తగిలించి ల్యాప్‌టాపుతో చదువుటయు వ్రాయుటయు జరుగుచున్నవి. పేరు మాత్రము పాతదే నిలిచిపోయినది.

ఆ ల్యాప్‌టాపు తెరను ఒక్కసారి దగ్గరగా చూతము. అడ్డముగా ఇంజను వేగము: వెయ్యి, పదిహేనువందలు, రెండువేలు, ఇట్లు నాలుగువేల పైచిలుకు దాక. నిలువుగా ఆక్సిలరేటరును ఎంత త్రొక్కితిమన్న కొలత. ఈ రెంటి కూడలిలోని ప్రతి గడిలోను ఒక సంఖ్య. అది ఒక దెబ్బకు పోవలసిన డీజిలు, మిల్లీగ్రాములలో. 1,248 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల కారొకటి తీసికొని, పూర్తిగా త్రొక్కినపుడు రెండువేల వేగముకడ ఆ గడిలో నలుబది యున్నదనుకొందము. ట్యూనరు దానిని నలుబదియేడు చేసి, చుట్టుపట్ల గడులను దానికి తగినట్లు సవరించును. ఆ గడితో పని తీరదు. ఇంజను ఇంతకు మించి టార్కు ఈయరాదని శాసించు పట్టిక వేరొకటి, ఉన్న గాలికి ఇంతకు మించి డీజిలు పోయరాదని, పొగ వచ్చునని, అడ్డగించు పట్టిక ఇంకొకటి, టర్బో ఎంత ఒత్తిడితో గాలిని నెట్టవలెనో చెప్పునది మరియొకటి, రెయిలులోని ఒత్తిడికి ఒకటి. వీనినన్నింటిని ఒకదానితో నొకటి పొసగునట్లు సవరింపగలవాడు నిజముగ విద్య తెలిసినవాడు. ఎక్కడనో దొరకిన ఒక ఫైలును ప్రతి బండిలోను పోసి సొమ్ము పుచ్చుకొనువాడు కూడ తన్ను ట్యూనరనియే చెప్పుకొనును; బోర్డుమీద ఇద్దరి పేర్లును ఒకే అక్షరములతో వ్రాయబడును.

ఈ నలుబది, నలుబదియేడు అన్న సంఖ్యల వెనుకనున్న గాలి లెక్కను కొంచెము ఓపికతో వినుడు. డీజిలు పూర్తిగా దహనమగుటకు దాని బరువుకు పదునాలుగున్నర రెట్ల గాలి సిద్ధాంతరీత్యా చాలును. కాని సిలిండరులో డీజిలు, గాలి సంపూర్ణముగా కలియుటకు వ్యవధి లేదు గనుక పదునెనిమిది రెట్లకు తగ్గినచో నల్లపొగ ప్రారంభమగునని స్థూలముగా చెప్పవచ్చును. నలుబది మిల్లీగ్రాముల డీజిలుకు 720 మిల్లీగ్రాముల గాలి, నలుబదియేడింటికి 846. పావగడ సముద్రమట్టమునకు సుమారు 650 మీటర్ల ఎత్తున నున్నది. ఏప్రిలు మధ్యాహ్నము నలుబది డిగ్రీల ఎండలో అక్కడి గాలి, సముద్రతీరమున ఇరువదియైదు డిగ్రీల చల్లదనములోని గాలికంటె దాదాపు ఎనిమిదవ వంతు పలుచన. మన సిలిండరు ఒక్కొక్కటి పట్టునది 312 ఘన సెంటీమీటర్లు. అంత గాలి పావగడ ఎండలో సుమారు 325 మిల్లీగ్రాములు తూగును. తక్కినదంతయు టర్బో నెట్టి ఈయవలసినదే. కర్మాగారపు సంఖ్యకే అది రెట్టింపునకు పైగా నెట్టుచున్నది. ట్యూనరు సంఖ్యకు రెండున్నర రెట్లను మించి నెట్టవలెను. చిన్న టర్బోచక్రము నిమిషమునకు రెండు లక్షల చుట్ల వరకు తిరుగునది. ఇంకను వేగముగా తిరుగుమని మనము దానిని ఆజ్ఞాపించుచున్నాము. నెట్టబడిన గాలి మరింత వేడెక్కును. దానిని చల్లార్పవలసిన ఇంటర్‌కూలరుకు తగులు బయటి గాలియే నలుబది డిగ్రీలు. గాలి చాలనిచో పొగ. పొగతోపాటు దహనానంతరము వెలువడు వాయువుల ఉష్ణము పెరుగును. అది 800 డిగ్రీలను దాటి నిలకడగా నున్నచో టర్బో రెక్కలకు, బేరింగులకు, పిస్టనుల తలలకు క్షేమము కాదు.

ఇచ్చట సహజముగ ఒక ప్రశ్న పుట్టును. తయారీదారు నిజముగనే కొంత బలమును వెనుకకు దాచియుంచెను గదా, దాచినదానిని వాడుకొన్న తప్పేమి? దాచిన మాట సత్యము. ఐతే ఎవరి కొరకు దాచెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు పావగడను మించిన తావు లేదు. ఆ తాలూకాలోని తిరుమణి, వల్లూరు, బాలసముద్రము, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామముల భూములలో, రైతులయొద్ద కొనక కౌలునకు తీసికొన్న సుమారు 13,000 ఎకరములలో, 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసియున్నది. వాన మోసగించిన నేలలో ఎండయే పంటయైనది. కాని ఆ ఎండతోనే ఒక చిక్కున్నది: సౌరఫలకము ఇరువదియైదు డిగ్రీలను మించి వేడెక్కిన కొలది, డిగ్రీకి ఇంచుమించు నూటికి 0.4 వంతున దాని ఉత్పత్తి తగ్గును. దానినుండి వచ్చు విద్యుత్తును మార్చి తీగలకెక్కించు ఇన్వర్టరు మరింత బుద్ధిశాలి; ఏ క్షణమున ఏ ఒత్తిడికడ గరిష్ఠశక్తి దొరకునో తానే వెదకికొనుచుండును, తన లోపలి ఉష్ణము హద్దు దాటుచున్నదని తెలిసినంతనే తన దిగుబడిని తానే తగ్గించుకొనును. దానిని సోమరితనమని ఆ క్షేత్రములో పనిచేయు ఇంజనీరెవ్వడు ననడు. ఇంజనులోని చిప్పు చేయుచున్నదియు సరిగా ఇదే. నీళ్లు కాగినపుడు, గాలి వేడెక్కినపుడు, టర్బో ఒత్తిడి మితిమీరినపుడు అది డీజిలు తగ్గించును. “ఎండకు బండి పుల్లింగు లేదు” అని మనము విసుగుకొను ఆ సమయముననే అది ఇంజనును కాపాడుచున్నది. తొందరపాటు ట్యూనింగు మొట్టమొదట చెరిపివేయునది ఈ కాపుదలనే.

తయారీదారు దాచినది, కావున, అతిదుర్దినము కొరకు. కల్తీ డీజిలు పోసిన దినము, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసికొనిన దినము, రేడియేటరులో నీరు తరిగిన దినము, టన్నుంబావునకు అనుమతి గల పికప్పులో రెండున్నర టన్నులెక్కించిన దినము. పావగడలో ఈ దినములు వేర్వేరుగా రావు. తరచుగ ఒకే మధ్యాహ్నము అన్నియు కలిసి వచ్చును. చెనిక్కాయల మూటలు నెత్తిన పెట్టుకొని చళ్ళకెరె నూనెమిల్లుల దిక్కునకు పోవు పాత బొలేరో పికప్పును చూడుడు. రెండున్నర లీటర్ల ఇంజనునుండి 63 హార్స్ పవరు మాత్రమే తీసిరని నగరపు కుఱ్ఱవాడు నవ్వవచ్చును. అంత పెద్ద ఇంజను అంత తక్కువ బలమునకు సంతకము చేసినందుననే అది లక్షల కిలోమీటర్లు ఆ బరువు మోయుచున్నది.

ఇంకొక వాదము వినబడును: “అదే ఇంజను వేరే కారులో ఎక్కువ బలమిచ్చుచున్నది గదా?” ఫియట్ సంస్థవారి 1.3 లీటర్ల మల్టీజెట్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. మన దేశములో ఎన్ని కంపెనీలు దానిని వాడుకొన్నవో లెక్కింప విసుగు పుట్టును. స్విఫ్టులో అది 75 హార్స్ పవరు, 190 న్యూటన్ మీటర్ల టార్కు. ఎర్టిగావంటి వానిలో 90, 200. చూచితిరా, పదునైదు హార్స్ పవరు చిప్పులోనే దాచిరి, అందురు. కాని ఆ 90 హార్స్ పవరు రూపములో టర్బోయే వేరు. వేగమునుబట్టి లోపలి రెక్కల కోణము మారు జాతిది. స్విఫ్టులోనిది స్థిరమైన చిన్న టర్బో. అంకెలు మార్చి ఈ కారును ఆ కారుగా చేసితిమనుట, సామాను మార్చక బిల్లు మాత్రము మార్చుట. అట్లు అంకెలు మార్చి టాక్సీగా త్రిప్పు స్విఫ్ట్ డిజైరు, శ్రావణ శనివారములందు పావగడ శనైశ్చరస్వామి గుడికి ఏడుగురు భక్తులను మోసికొని వచ్చుచున్నపుడు, ఈ తేడా మొదట క్లచ్ ప్లేటుకు తెలియును, యజమానికి తరువాత.

ఇక మైలేజీ. మన ప్రాంతములో ఈ వ్యాపారమునకు ప్రాణము పుల్లింగు కాదు, మైలేజీయే. కావున దీనిని స్పష్టముగా చెప్పవలెను. బలమునకు బయటినుండి వచ్చు మూలమొక్కటే, డీజిలు. ఇరువది హార్స్ పవరు అదనముగా ఒక గంటసేపు పూర్తిగా వాడుకొన్నచో, ఎంత చక్కని ఇంజనైనను దానికొరకు సుమారు మూడున్నర లీటర్ల డీజిలు అదనముగా త్రాగును. దీనినుండి తప్పించుకొను చిప్పు లేదు. కొందరికి మైలేజీ లీటరుకు ఒకటి రెండు కిలోమీటర్లు పెరిగిన మాటయు అబద్ధము కాదు. తక్కువ వేగముకడనే టార్కు పెరుగుటచేత గేరు తగ్గింపకయే సాగిపోవువారికి, మునుపటివలెనే నెమ్మదిగా నడుపువారికి ఆ లాభము దక్కవచ్చును. ఎయిర్ ఫిల్టరు మార్చి, టైర్లలో గాలి సరిచేసి, ఇంజెక్టర్లు పరీక్షింపజేసికొన్నను అంత లాభము దక్కవచ్చును. పైగా కొత్త బలము చేతికి వచ్చినవాడు మునుపటివలె నెమ్మదిగా నడుపుట నేను చూడలేదు. ఆ బలమునకు సొమ్మిచ్చినది నెమ్మదిగా పోవుటకు గాదు గదా!

చిప్పునే ముట్టక, రెయిలు సెన్సారునకు నడుమ తగిలించు డబ్బాలు కూడ అమ్ముచున్నారు. రెయిలులో ఒత్తిడి ఉన్నదానికంటె తక్కువగా ఉన్నదని అవి ఇ.సి.యు.తో అబద్ధమాడును, అది నమ్మి ఒత్తిడి పెంచును. కాపలావానికి అబద్ధపు వార్త చెప్పి పని చేయించుకొను ఈ ఉపాయమును గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

తయారీదారులు మహర్షులని నా యభిప్రాయము కాదు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ సంస్థ గుట్టు అమెరికాలో బయటపడినపుడు, పరీక్షశాలలో ఒక మ్యాపు, రోడ్డుమీద ఇంకొక మ్యాపు నడుచునట్లు ఆ సంస్థయే తన చిప్పులలో వ్రాసికొన్నదని లోకమునకు తెలిసెను. ప్రపంచమున సుమారు కోటి పదిలక్షల బండ్లు ఆ మోసమున చిక్కినవి. మన దేశములోను ఆ సంస్థ 3 లక్షల 23 వేలకు పైగా కార్లను వెనుకకు పిలిపించి సరిచేయుదునని ప్రకటింపవలసి వచ్చెను. ఆ ఘటన బయటపెట్టిన నిజమేమనగా, పొగ కంటికి కనబడకున్నను విషము వెలువడుచుండవచ్చును. 2020 ఏప్రిలు 1 నుండి వచ్చిన భారత్ స్టేజ్ 6 ప్రమాణముల క్రింద డీజిలు కారు కిలోమీటరునకు వెలువరింపదగు నత్రజని ఆక్సైడులు 250 మిల్లీగ్రాములనుండి 80కి, మసి 25నుండి 4.5కు దిగినవి. అందుకొరకు పెట్టిన మసివడపోతను, వాయువును మరల త్రిప్పు కవాటమును “ఆఫ్” చేసెదమని చెప్పు ట్యూనింగు, చట్టము కన్నుగప్పుటయే గాక, ఊరివారి ఊపిరిలో మన లాభము వెదకికొనుట.

చట్టము మాట కూడ ముగింతము. 1988నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. ఆ యేడే వచ్చిన సవరణ అనధికారపు మార్పు ఒక్కొక్కదానికి ఐదువేల రూపాయల జరిమానాకు, ఆరుమాసముల వరకు కారాగారమునకు, లేక రెంటికిని అవకాశము కల్పించినది. చిప్పులోని అంకెలు చెక్‌పోస్టువానికి కనబడవని ధైర్యముగా నుండవచ్చును. కంపెనీ వారంటీ పోవునను సంగతి మాత్రము టర్బో పోయిన మరునాడే తెలియును.

ఐనచో ఈ విద్యకు చోటే లేదా? ఉన్నది. కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళయములోని కారి మోటార్ స్పీడ్‌వేపై, కర్ణాటక మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు నడుపు కె-1000 ర్యాలీలో, ఒక్కొక్క సెకనుకొరకు ఇంజను ఆయుస్సును తెలిసి పణముగా నొడ్డువారున్నారు. వారివద్ద ఇంధనము నాణ్యమైనది, ఇంజను పందెము పందెమునకు విప్పబడునది, ఉష్ణము కొలుచు సాధనము డ్రైవరు కంటియెదుటనే యుండునది. అక్కడ అది విద్య. చెనిక్కాయలు మోసి అప్పు తీర్చుకొనవలసిన బండికి ఆ విద్యను అంటగట్టుట నాకు సమ్మతము కాదు. ఐనను సొంత కారుపై ముచ్చటపడి, చేయించుకొనియే తీరెదననువాడు తన బండిని డైనమోమీటరుపై ముందొకసారి, తరువాత ఒకసారి నడిపించి, కాగితము తీసికొని, ఉష్ణరక్షణల పట్టికలను ముట్టలేదని ట్యూనరుచే చెప్పించుకొని, కర్మాగారపు అసలు ఫైలును తన పెన్‌డ్రైవులో దాచుకొనవలెను.

కడపటి సంగతి, బహుశః మన తాలూకావారికి అన్నిటికంటె ఉపయోగపడునది, సెకండ్‌హ్యాండు బండ్లను గూర్చినది. బెంగుళూరులో రెండుమూడేండ్లు తిరిగిన డీజిలు కార్లు మన యూళ్లకు చవుకగా వచ్చుచున్నవి. వానిలో కొన్నింటికి మొదటి యజమాని ట్యూనింగు చేయించి, ముచ్చట తీరిన పిమ్మట ఆ మాట చెప్పకయే అమ్మియుండవచ్చును. టెస్ట్ డ్రైవులో అట్టి బండియే మనకు మిక్కిలి నచ్చును, అదియే చిక్కు. మూడవ గేరులో నెమ్మదిగా పోవుచు ఒక్కసారి పూర్తిగా త్రొక్కినపుడు వేగము పెరుగకయే ఇంజను చప్పుడు మాత్రము పెరిగినచో క్లచ్చు జారుచున్నదని గ్రహింపుడు. సైలెన్సరు కొనను వేలితో తుడిచి, మసి మందమెంతో చూడుడు. ఈ రెండును అనుమానమునకే చాలును, నిర్ధారణకు చాలవు. బేరము ముగియకముందే బండిని ఆ కంపెనీ సర్వీసు సెంటరునకు తీసికొనిపోయి, ఇ.సి.యు.లోని క్యాలిబ్రేషను సంఖ్యను, దాని సరిచూపు సంఖ్యను స్కానరుతో చదివించి, ఆ మోడలుకు కంపెనీ ఇచ్చినవానితో పోల్చి చూడుమని అడుగుడు. అమ్మువాడు అందుకు ఒప్పుకొననిచో, ధర యెంత తగ్గించినను ఆ బండి మనకు వలదు.